పిప్పరమెంటు ఎసెన్సా, నూనెనా, పువ్వా, ఆకా: ఏ పనికి ఏది కొనాలి

పిప్పరమెంటు అనగానే మనకి ముందు బిళ్ళ గుర్తొస్తుంది. చప్పరిస్తుంటే నాలుక చురుక్కుమంటుంది, ఊపిరి పీలిస్తే నోరంతా చల్లబడుతుంది. ఆ చల్లదనాన్ని సీసాల్లోనో పొట్లాల్లోనో ఇంటికి తెచ్చుకోవాలంటే చెన్నైలో నాలుగు దారులున్నాయి. కేకు సామాన్లమ్మే కొట్లో ఎక్స్‌ట్రాక్ట్ అనో ఎసెన్స్ అనో రాసిన చిన్న సీసా ఉంటుంది. మందుల షాపులోనూ ఆన్‌లైన్‌లోనూ పిప్పరమెంటు నూనె దొరుకుతుంది. నాట్టు మరుందు కడైలో, అంటే నాటుమందుల కొట్లో, తెల్లని పలుకుల్లాంటి పుదీనా పువ్వు ఉంటుంది. ఇక కోయంబేడు మార్కెట్టు నుంచి వీధి చివర కూరగాయల బండి దాకా ఎక్కడైనా పుదీనా కట్ట ఉంటుంది.

నాలుగింటికీ వాసన దగ్గరదగ్గరగా ఉండటంతో ఒకదాని బదులు ఇంకొకటి వాడేస్తుంటారు. కరిగించిన చాక్లెట్ ముద్దకట్టేది అందుకే. నిమ్మరసం మొదటి గుక్కకే గొంతు మండేదీ, నేల తుడిచే నీళ్ళ మీద నూనె తెట్టులా తేలేదీ అందుకే. కాబట్టి కొనేముందు చూసుకోవలసింది వాసన ఎంత ఘాటుగా ఉందని కాదు, ఆ వాసన దేనిలో కరిగి ఉందని.

పిప్పరమెంటు వాసనకీ చల్లదనానికీ మూలమైన మెంథాల్ నీళ్ళలో దాదాపుగా కరగదు. నూనెలో, ఆల్కహాలులో చక్కగా కరుగుతుంది. ఎక్స్‌ట్రాక్ట్ అంటే కొద్దిగా పిప్పరమెంటు నూనెని ఆల్కహాలులో కరిగించినది. మన దగ్గర ఎసెన్స్ పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి ఆల్కహాలు బదులు ప్రొపిలీన్ గ్లైకాల్ ఆధారం. లేబుల్ మీద ఆ పేరైనా ఉంటుంది, ఐఎన్ఎస్ 1520 అని దాని సంకేత సంఖ్యైనా ఉంటుంది. నూనె సీసాలో వేరే ద్రవం ఏదీ ఉండకూడదు. పువ్వంటే గడ్డకట్టిన మెంథాలే. ఇక ఆకులోనైతే ఈ నూనె ఆకు మీది సన్నని గ్రంథుల్లో దాగి ఉంటుంది, నలిపితే గానీ బయటికి రాదు.

ఇంట్లో ఉన్న సీసా ఏ రకమో తేలకపోతే గాజు గ్లాసుతో మంచినీళ్ళు తీసుకుని ఒక చుక్క వేసి చూడండి. నూనైతే పైన గుండ్రంగా చిన్న అద్దం బిళ్ళలా తేలుతుంది, కలియబెడితే చిన్న చిన్న బిళ్ళలుగా విడిపోయి కాసేపటికి మళ్ళీ ఒకచోటికి చేరుతుంది. ఆల్కహాలు ఎక్స్‌ట్రాక్ట్ చుక్క పడిన చోట పల్చటి తెల్లని పొగలాంటి తెర దిగుతుంది. ఆల్కహాలు నీళ్ళలో కలిసిపోతుంది, దాన్ని పట్టుకుని ఉన్న నూనె కంటికి కనపడనంత చిన్న బొట్లుగా విడిపోతుంది, అందుకే ఆ తెలుపు. చుక్క వేయగానే నీళ్ళు చిక్కటి ఆకుపచ్చగా మారితే అందులో రంగు కలిపారన్నమాట. ఇక నూనెలో కొబ్బరినూనె లాంటిది కలిపారేమోనని అనుమానం వస్తే తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి ఆరనివ్వండి. అసలు నూనె ఎగిరిపోయి జిడ్డు మరక దాదాపుగా మిగలదు. కలిపిన నూనె మరునాటికి కూడా కాగితాన్ని అద్దంలా మెరిపిస్తూనే ఉంటుంది.

మన పుదీనా వేరు, పిప్పరమెంటు వేరు

ఈ తేడా తెలియకపోతే డబ్బూ శ్రమా రెండూ వృథా. మార్కెట్లో కట్టగా దొరికే పుదీనా చాలావరకు స్పియర్‌మింట్ జాతిది. దాని వాసన కార్వోన్ అనే పదార్థానిది. అందులో మెంథాల్ బహు తక్కువ, అందుకే పుదీనా పచ్చడి ఎంత తిన్నా నోరు చల్లబడదు. పిప్పరమెంటు మొక్క స్పియర్‌మింటుకీ నీటి పుదీనాకీ కలిగిన సంకరం. దానికి విత్తనం సరిగా కట్టదు, కొమ్మలూ పిలకలూ నాటే పెంచుతారు. శాస్త్రీయ నామం మెంథా పైపెరిటా.

మూడో మొక్క మెంథా అర్వెన్సిస్. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ, సంభల్, రాంపూర్ ప్రాంతాల్లో రైతులు పెద్ద ఎత్తున పండించే మెంథా ఇదే. ఈ నూనెని బాగా చల్లబరిస్తే మెంథాల్ పలుకులుగా విడిపోతుంది. పుదీనా పువ్వు అలా వచ్చిందే. పలుకులు తీసేయగా మిగిలిన నూనె చాలా చౌక, అదే పిప్పరమెంటు నూనె పేరుతో అమ్మకానికి వస్తుంటుంది. దుర్వాసన పోగొట్టడానికైతే అది చాలు. చాక్లెట్లోకి, కేకులోకి మాత్రం కొంచెం గరుకుగా, చేదుగా ఉంటుంది. వంటకి కొనేటప్పుడు సీసా మీద మెంథా పైపెరిటా అని ఉందో లేదో చదవండి.

వంటింట్లో

తీపి వంటకాలకి మొదటి ఎంపిక ఎక్స్‌ట్రాక్టే. ఘాటు తక్కువ కాబట్టి చెంచాతో కొలవవచ్చు, చేయి కాస్త అటూ ఇటూ అయినా వంటకం పాడవదు. 250 గ్రాముల వెన్న క్రీముకి పావు టీస్పూనుతో మొదలుపెట్టండి. కలిపి పది నిమిషాలాగి రుచి చూడండి, ఎందుకంటే మెంథాల్ ఘాటు వెంటనే తెలియదు. చాలలేదనుకుని ఇంకో పావు వేసేశాక రెండూ కలిసి ఒక్కసారి తెలుస్తాయి. అప్పుడది క్రీములా ఉండదు, పళ్ళపొడిలా ఉంటుంది.

పాలకోవా, కొబ్బరి బర్ఫీ లాంటివాటికి ముద్ద దగ్గరపడి పొయ్యి కట్టేశాక, గిన్నె కాస్త చల్లారాకే ఎక్స్‌ట్రాక్ట్ వేయాలి. ఉడుకుతుండగా వేస్తే ఆల్కహాలుతోపాటు వాసన కూడా ఆవిరైపోతుంది. పైగా ఆల్కహాలు మండే ద్రవం. వెలుగుతున్న గ్యాసు మంట పక్కన సీసా ఒంచకూడదు. కుల్ఫీకైతే మరిగిన పాలు పూర్తిగా చల్లారాక కలపండి. లీటరు పాలతో కాచినదానికి అర టీస్పూను మించనక్కర్లేదు. కుల్ఫీ ఎలాగూ చల్లన, మెంథాల్ దాన్ని ఇంకా చల్లగా అనిపింపజేస్తుంది.

ఎక్స్‌ట్రాక్ట్ పనికిరాని చోటు ఒకటుంది, అది కరిగించిన చాక్లెట్. ఎక్స్‌ట్రాక్ట్‌లో కొంత నీరు ఉంటుంది. కరిగిన చాక్లెట్లో చక్కెర, కోకో పొడి కొవ్వులో తేలుతుంటాయి. కొద్ది తడి తగలగానే అవి ఒకదానికొకటి అంటుకుని, మెరుస్తున్న చాక్లెట్ క్షణాల్లో తడిసిన ఇసుకలా గట్టి ముద్ద అవుతుంది. గరిటెకి చుట్టుకుపోతుంది. అలా అయితే ఇంక అచ్చులో పోయడం కుదరదు. పారేయకుండా వేడి పాలు ఒక్కో చెంచా పోస్తూ నునుపుగా అయ్యేదాకా కలిపితే కేకు మీద పోసుకునే సాస్‌గా పనికొస్తుంది. ముందే జాగ్రత్తపడాలంటే 200 గ్రాముల చాక్లెట్‌కి తినదగిన పిప్పరమెంటు నూనె 2 చుక్కలు వేసి, రుచి చూసి, కావాలంటే ఇంకొక్కటి వేయండి. నూనె కొవ్వులో హాయిగా కలిసిపోతుంది.

శీతల పానీయాల్లో సంగతి దీనికి తలకిందులు. లీటరు నిమ్మరసంలో 2 చుక్కల నూనె వేస్తే అది పైనే తేలుతుంది. మొదటి గ్లాసు తాగినవారికి గొంతు మండుతుంది, చివరి గ్లాసువారికి ఉత్త నిమ్మరసం మిగులుతుంది. అక్కడ ఎక్స్‌ట్రాక్ట్ పావు టీస్పూను వేయండి. అదీ లేదు, నూనె మాత్రమే ఉందంటే ఒక్క చుక్కని రెండు చెంచాల పంచదారలో వేసి చెంచా వెనకవైపుతో బాగా నూరి, ఆ పంచదారని నీళ్ళలో కరిగించండి. పూర్తిగా కరగకపోయినా అన్నివైపులా సమంగా పరుచుకుంటుంది. నిజానికి నిమ్మరసానికి అన్నిటికన్నా రుచైనది పచ్చి ఆకే. లీటరుకి 10, 12 ఆకులు అరచేతిలో ఒక్కసారి చరిచి వేస్తే చాలు. మిక్సీలో తిప్పితే ఆకు పసరు, చేదు దిగుతాయి.

పచ్చడి, బిర్యానీ, రసం, మజ్జిగ ఆకు పనులు. వాటిలో సీసా సరుకు వేయకండి. పిప్పరమెంటు ఘాటు కారంతోనూ మసాలాతోనూ పొసగదు, పళ్ళు తోముకున్న వెంటనే అన్నం తిన్నట్టు ఉంటుంది. పుదీనా పువ్వు కూడా వంటింటి వస్తువు కాదు. ఆవగింజంత పలుకు ఎక్కువైనా రుచి దారి తప్పుతుంది, అంత చిన్న కొలత ఇంటి త్రాసు పట్టుకోలేదు.

ఇంట్లోనే ఎక్స్‌ట్రాక్ట్ చేసుకుందామని టాస్మాక్ (తమిళనాడు ప్రభుత్వ మద్యం దుకాణం) నుంచి వోడ్కా తెచ్చి పుదీనా ఆకులు నానబెట్టేవారున్నారు. చేయవచ్చు. కడిగి, తడి పూర్తిగా ఆరిన ఆకు ఒక కప్పు నలిపి, 200 మి.లీ. వోడ్కాలో ఆకు మునిగేలా వేసి, చీకటి అరలో 4 నుంచి 6 వారాలుంచి వడగట్టాలి. అయితే ముందు చెప్పుకున్నట్టు అది స్పియర్‌మింట్ ఎక్స్‌ట్రాక్టే అవుతుంది. వాసన మృదువుగా ఉంటుంది, చల్లదనం ఉండదు, రంగు గోధుమ ఆకుపచ్చకి తిరుగుతుంది. దానికి బదులు వోడ్కాలో పిప్పరమెంటు నూనె కలిపితే తెల్లగా మబ్బుపట్టి, రెండు రోజుల్లో నూనె పైకి తేలుతుంది. 40 శాతం ఆల్కహాలు ఆ నూనెని పట్టి ఉంచలేదు, 70 శాతం దాకా ఉండాలి. ఇంట్లో ఆల్కహాలు వద్దనుకునేవారు ప్రొపిలీన్ గ్లైకాల్ ఆధారపు ఎసెన్స్ తీసుకోవచ్చు. రుచి కొంచెం చదునుగా ఉంటుంది కానీ పని జరుగుతుంది.

ఒంటికి

తలనొప్పికి, ముక్కుదిబ్బడకి, కండరాల నొప్పులకి ఎక్స్‌ట్రాక్ట్ పనికిరాదు. అందులో నూనె పాళ్ళు తక్కువ, ఆల్కహాలు చర్మాన్ని ఎండబెడుతుంది, చక్కెర కలిసినదైతే జిగురు. ఇవి నూనెతో, పువ్వుతో చేసుకోవలసిన పనులు.

ముందు ఒక్క మాట. మెంథాల్ ఒంటిని చల్లబరచదు. చల్లదనాన్ని పసిగట్టే టీఆర్‌పీఎం8 అనే గ్రాహకాన్ని అది తట్టి లేపుతుంది, మెదడు అది చలి అనుకుంటుంది. చలినీ వేడినీ పట్టే ఇలాంటి గ్రాహకాలను కనుక్కున్నందుకే డేవిడ్ జూలియస్‌కి 2021 నోబెల్ పంచుకునే అవకాశం దక్కింది. కాబట్టి జ్వరంతో కాలుతున్న నుదుటికి ఇది రాస్తే హాయిగా అనిపిస్తుందే తప్ప జ్వరం దిగదు. ముక్కుదిబ్బడలోనూ అంతే, ముక్కులోని వాపు తగ్గకుండానే గాలి ఎక్కువ ఆడుతున్నట్టు అనిపిస్తుంది. ఆ మాత్రం ఊరటకైతే మంచిదే.

తలనొప్పికి 10 శాతం పాళ్ళు వాడుకలో ఉన్నవి. అంటే 1 మి.లీ. నూనె, సుమారు 20 చుక్కలు, 9 మి.లీ. కొబ్బరినూనెలో. కణతలకీ నుదుటికీ పల్చగా, కళ్ళకి రెండు వేళ్ళ దూరంలో ఆపి రాయాలి. చర్మం సున్నితమైనవారు ముందు ముంజేతి లోపలివైపు రాసుకుని ఒక రోజు చూడాలి. ఒళ్ళంతా మర్దనా చేసుకోవడానికైతే 2 శాతం చాలు, 10 మి.లీ. కొబ్బరినూనెకి 4 చుక్కలు. చెన్నై చెమటలో, అందులోనూ కత్తిరి ఎండల్లో, రాసుకున్న చోటు చెమట పడితే మంట రెట్టింపవుతుంది. స్నానం చేసి, ఒళ్ళు ఆరాక రాసుకోండి. మంట ఎక్కువైతే నీళ్ళతో కడిగితే పోదు. ముందు కొబ్బరినూనె దూదితో తుడిచి తరవాత సబ్బు పెట్టండి. కంట్లో పడితే మాత్రం మంచినీళ్ళతోనే పావుగంట కడిగి వైద్యుడి దగ్గరికి వెళ్ళండి.

బామ్ చేసుకోవాలంటే పువ్వు మేలు. నాట్టు మరుందు కడైలో పుదీనా పువ్వు అని అడిగితే అర్థం కాకపోవచ్చు, అరవంలో దాన్ని పుదీనా ఉప్పు అంటారు. వాము నుంచి తీసే పలుకులైన వాము పువ్వుని ఓమ ఉప్పు అంటారు. 40 గ్రాముల కొబ్బరినూనెకి 12 గ్రాముల తేనెమైనం తీసుకోండి. చలి ఊళ్ళలో 8 గ్రాములు సరిపోతుంది, ఇక్కడ అంత తక్కువైతే మే నెలలో డబ్బా తెరిస్తే నూనె కారుతుంది. వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి మైనం కరిగించి దించండి. అంచుల్లో మబ్బుగా గడ్డకట్టడం మొదలవగానే 2.5 గ్రాముల పువ్వు వేసి కలిపి డబ్బాలో పోయండి. మరుగుతున్నదాంట్లో వేస్తే ఆవిరి కళ్ళకి కొట్టి కన్నీళ్ళు ఆగవు, పువ్వులో సగం గాలిలో పోతుంది.

పుదీనా పువ్వు, వాము పువ్వు, పచ్చకర్పూరం సమపాళ్ళలో తీసుకుని పొడి గాజుసీసాలో వేసి మూత బిగించి ఊపితే అమృతధార అవుతుంది. పొయ్యి లేదు, నీరు లేదు. పలుకుల అంచులు ముందు చెమటపట్టినట్టు తడిగా మెరుస్తాయి, ఒకదానికొకటి అతుక్కుంటాయి, కొద్దిసేపట్లో మొత్తం పల్చని ద్రవమై సీసా అడుగున ఆడుతుంది. మూడూ కలిసినప్పుడు కరిగే ఉష్ణోగ్రత గది వేడి కన్నా కిందికి పడిపోవడమే కారణం. పైపూతకి ఇది చక్కగా పనిచేస్తుంది, కొబ్బరినూనెలో పలచన చేసే రాయాలి. హారతి కర్పూరం వేయకండి. కర్పూరం లోపలికి పోతే పిల్లలకి మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది, సీసా వాళ్ళకి అందని చోట ఉంచాలి.

ఆవిరి పట్టడానికి అర లీటరు వేడినీళ్ళకి ఆవగింజంత పువ్వు, లేదా ఒక చుక్క నూనె. కళ్ళు మూసుకోవాలి. ఈ పని పెద్దవాళ్ళకే. రెండేళ్ళలోపు పిల్లల ముక్కు దగ్గర, ఛాతీ మీద మెంథాల్ ఏ రూపంలోనూ రాయకండి, ఊపిరి బిగుసుకుపోవచ్చు. గుండెల్లో మంట, పుల్లని తేన్పులు ఉన్నవారికి పిప్పరమెంటు టీ కూడా మంట పెంచుతుంది, అన్నవాహిక కింది కవాటాన్ని అది సడలిస్తుంది కనుక. పేగు నొప్పికి వైద్యులు రాసే పిప్పరమెంటు క్యాప్సూల్స్ కడుపు దాటి పేగులో కరిగేలా పూత వేసినవి. అది చూసి నూనెని నేరుగా మింగడం పొరపాటు.

ఇంటి పనులకి

ఇక్కడ చౌక నూనె చాలు. ఎక్స్‌ట్రాక్ట్ వాడటం డబ్బు దండగ, తీపి ఉన్నదైతే చీమలని మనమే పిలిచినట్టు. బకెట్ నీళ్ళలో నూనె నేరుగా వేస్తే తేలి, నేల మీద అక్కడక్కడ జిడ్డు చుక్కలు పడతాయి. ముందు ఒక చెంచా గిన్నెల సబ్బు ద్రవంలో 10 చుక్కలు కలిపి, దాన్ని బకెట్లో పోయండి. చెత్తబుట్ట అడుగున కాగితం మీద రెండు చుక్కలు వేస్తే ఒక రోజు నిలుస్తుంది.

చీమల బారు మీద ఇదే సబ్బు నీళ్ళు కొడితే అవి వదిలిన వాసన గుర్తు చెరిగి దారి తప్పుతాయి. కొన్ని గంటలకి మళ్ళీ వస్తాయి, కన్నం పూడిస్తేనే ఆగుతాయి. ఎలుకలకి దీని మీద ఆధారపడవద్దు. దోమలకి అసలే వద్దు. డెంగీ వచ్చే ఊళ్ళో కొద్దిసేపు నిలిచే వాసనని నమ్మి పిల్లల్ని పడుకోబెట్టకూడదు, దోమతెర, కిటికీ జాలీ, నిల్వ నీరు పారబోయడం, ఇవే పని చేసేవి. పిల్లి ఉన్న ఇంట్లో నూనె చల్లకండి, దాని శరీరం వీటిని అరిగించుకోలేదు.

కొనేటప్పుడు, దాచేటప్పుడు

తినేదానికి 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు సీసా మీద ఉండాలి. పైపూతకి మాత్రమే అని రాసిన అరోమా నూనె ఎంత మంచి వాసన వేసినా వంటలోకి వద్దు. ఆకుపచ్చ ఎసెన్స్ అయితే రంగుల వరుస చదవండి, ఐఎన్ఎస్ 102, 133 కనిపిస్తే తెల్ల కోవా పచ్చబడుతుంది. 20 మి.లీ. ఎక్స్‌ట్రాక్ట్‌తో లీటరుకి పావు టీస్పూను చొప్పున 16 లీటర్ల నిమ్మరసం అవుతుంది, కాబట్టి పెద్ద సీసా కొనే పని లేదు. ఒక్కటే కొనాలి, కేకులూ చాక్లెట్లూ రెండూ చేస్తాం అనేవారికి తినదగిన నూనె 10 మి.లీ. మంచిది. వంట అలవాటు కొత్తగా చేసుకుంటున్నవారు ఎక్స్‌ట్రాక్ట్‌తోనే మొదలుపెట్టాలి, నూనెలో ఒక్క చుక్క తప్పు కూడా పెద్ద తప్పే.

నూనెని ముదురు రంగు గాజు సీసాలో ఉంచాలి. రబ్బరు బుడగ ఉన్న డ్రాపర్ మూతగా పెట్టి వదిలేస్తే నూనె ఆవిరికి రబ్బరు ఉబ్బి జిగురవుతుంది, మామూలు మూత పెట్టి డ్రాపర్ విడిగా ఉంచండి. థర్మోకోల్, పల్చటి ప్లాస్టిక్ కప్పుల్లో కొలవకండి, కరుగుతాయి. పువ్వు సుమారు 42 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మేలో పడమటి గోడ మీది అరలో ఉంచితే మధ్యాహ్నం కరిగి, రాత్రికి ఒకే గడ్డగా పేరుకుంటుంది. మూత లోపల సన్నని తెల్లని సూదులు కనిపిస్తే అది పాడైనట్టు కాదు, పువ్వు ఆవిరై మళ్ళీ పేరుకుంది. వాటిని చెంచాతో గీకి సీసాలోకే రాల్చి, మూత ఇంకా బిగించండి.